మిరుగం దాకా ఆపిన గోలీలు

జూన్ ఏడో తేదీ పొద్దున ఐదు గంటల నలభై నిమిషాలకు ఇబ్రహీంపట్నం చెరువులో, మోకాలి లోతు నీళ్ళలో, సాయన్న పడిపోయాడు. వల విసరబోతున్నాడు. తాడు ఎడమ మణికట్టుకు కట్టి ఉంది. వల అంచు పళ్ళ మధ్య ఉంది. ముందుకు పడలేదు, పక్కకు ఒరిగాడు. వల విచ్చుకోలేదు.

గట్టు మీద తట్ట పెట్టుకుని కూర్చున్న అతని భార్య సిద్దమ్మ అది చూసింది. కాలు జారిందనుకుంది. చెరువు అడుగున ఒండ్రు ఉంటుంది, ఎవరో ఒకరు జారుతూనే ఉంటారు. పక్కనే వల సర్దుకుంటున్న బాలరాజ్ కూడా అదే అనుకున్నాడు.

"ఏందన్నా, పొద్దుగాల్నే తానమా?" అన్నాడు.

సాయన్న లేవలేదు. బాలరాజ్ నీళ్ళు తన్నుకుంటూ వెళ్ళి తల ఎత్తి పట్టుకున్నాడు. పళ్ళ మధ్య నుంచి వల తీయడానికి దవడ నొక్కవలసి వచ్చింది. అది చూశాక సిద్దమ్మ నీళ్ళలోకి దిగింది.

సాయన్నకు యాభై రెండేళ్ళు. గుండెలో స్టెంటు వేసి రెండు నెలలైంది. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే రెండు రకాల గోలీలు ఆపి ఐదు రోజులైంది. మొదటి రెండు సంగతులు గట్టు మీద అందరికీ తెలుసు. మూడోది అతనికీ సిద్దమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు.

నొప్పి మొదటిసారి వచ్చింది ఏప్రిల్‌లో. అప్పుడతను ఇంట్లో ఉన్నాడు. ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో ఈసీజీ తీసి సిటీలోని పెద్ద దవాఖానకు పంపారు. అక్కడ మణికట్టు దగ్గర నుంచి తీగ పంపి, గుండె ముందువైపు రక్తనాళంలో స్టెంటు వేశారు. ఆరోగ్యశ్రీలో అయింది. ఇంటికి పంపే రోజు మరియ అనే నర్సు గోలీల కవర్లన్నీ సిద్దమ్మ ఒళ్ళో పోసి ఒక్కొక్కటీ ఎత్తి చూపించింది.

"అన్నీ వేయాలె. గానీ ఈ తెల్లది, ఈ గులాబీ రంగుది, ఈ రెండు మాత్రం యాడాది దాక ఒక్క పూట గూడ ఇడవొద్దు. లోపల పెట్టింది జాలి. ఇవి ఆపితే దాని మీద నెత్తురు గడ్డకడ్తది."

"జాలి అంటే మా వల తీరుగనా సిస్టరమ్మా?" అని అడిగాడు సాయన్న.

"అట్లనే అనుకో."

"మరి గుండెల ఏం చాపలు వడ్తయ్?"

మరియ నవ్వింది. సిద్దమ్మ నవ్వలేదు, కవర్లు కొంగులో కట్టుకుంది. ఆ రోజు నుంచి గోలీలు ఆమె చేతి మీదుగానే నడిచాయి. పొద్దున టీ తర్వాత, రాత్రి అన్నం తర్వాత ఆమె అరచేతిలో పెట్టేది, అతను చూడకుండా నోట్లో వేసుకునేవాడు.

రెండు నెలలు అతను చెరువులో దిగలేదు. సిద్దమ్మ ఇతరులు పట్టిన చేప కొని బస్టాండు దగ్గర అమ్మింది. కొడుకు ఐలేష్ శేరిగూడలో ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడుపుతాడు. ఇల్లు గడిచింది. మే నెల చివరికి మిరుగం దగ్గరపడింది.

మృగశిర కార్తె మొదలయ్యే రోజును ఇక్కడ మిరుగం అంటారు. ఆ రోజు చేప తింటే ఏడాది పొడుగునా దగ్గు, దమ్ము రావని నమ్మకం. దాని ముందు వారం చెరువు సంఘం వాళ్ళంతా కలిసి చేప పడతారు. లోతులో లాగుడు వల. అంచుల్లో, తుంగ ఉన్నచోట, లాగుడు వల నడవదు, అక్కడ విసురు వల వేయాలి. కొర్రమట్ట చేప దొరికేది అక్కడే, మిరుగానికి జనం అడిగేది దాన్నే. సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. వలకు మనిషిని పంపని ఇంటికి వంతు లేదు. తండ్రికి జబ్బయితే కొడుకు రావచ్చు. ఐలేష్‌కు వల వేయడం రాదు. తుంగ వైపు సంఘం ఇరవై ఏళ్ళుగా పిలుస్తున్నది సాయన్ననే.

విసురు వల వేసేవాడు తాడు మణికట్టుకు కట్టుకుంటాడు. వల సగం మోచేతి మీద వేసుకుంటాడు. గుండ్లు ఉన్న అంచును పళ్ళతో పట్టుకుంటాడు. నడుం తిప్పి విసిరేటప్పుడు పళ్ళు వదలాలి. ముందే వదిలితే వల ముద్దగా పడుతుంది, ఆలస్యంగా వదిలితే పన్ను పోతుంది. దిగిన మొదటి రోజు సాయన్న నాలుగు సార్లు విసిరేసరికి వల అంచు ఎర్రగా అయింది.

సంఘం పెద్ద శివయ్య గట్టు మీద నుంచి చూశాడు.

"సాయన్నా, పాన్ నమిలినవా ఏంది?"

"లే."

"మరి గదేంది?"

"చిగుళ్ళకెళ్ళి నెత్తురొస్తుంది."

"అబ్బో. చాపలు వట్టుమంటే మనిషిని కర్సినట్టున్నవ్."

నీళ్ళలో ఉన్నవాళ్ళు నవ్వారు. శివయ్య నవ్వడం ఆపి వల గుంజుకోమన్నాడు. వల మీద మనిషి నెత్తురు పడితే ఆ పూట దాన్ని మళ్ళీ నీళ్ళలో దించరు, కడిగి ఎండవేస్తారు. చేయి తెగినవాడు గుడ్డ కట్టుకుని రావచ్చు. నోటికి గుడ్డ కట్టుకుని పళ్ళతో వల పట్టలేడు.

"రేపు గిట్లనే ఉంటే రాకు. ఐలేష్‌ను తోలు," అన్నాడు శివయ్య.

"వానికి వల రాదు గదన్నా."

"స్టీరింగు తిప్పుడు వస్తది గద. గది గూడ గుండ్రంగనే ఉంటది."

మళ్ళీ నవ్వారు. సాయన్న వల భుజాన వేసుకుని ఇంటికి వచ్చాడు.

సిద్దమ్మకు చిగుళ్ళ సంగతి అప్పటికే తెలుసు. దిండు గలీబు మీద మరకలు ఉతుకుతూనే ఉంది. మందుల దుకాణంలో అడిగితే ఆ గోలీలతో అట్లా అవుతుంది, డాక్టరుకు చూపించుకోండి, ఆపకండి అన్నారు. దవాఖానకు మళ్ళీ రమ్మన్న తేదీ జూన్ మూడో వారంలో ఉంది. ఆ రెండు గోలీలు ఆపుదామన్నాడు సాయన్న.

"ఎన్ని దినాలు?" అని అడిగింది.

"మిరుగం దాకనే. అటెంక నువ్వు రెండు పూటలవి ఒక్కసారే పెట్టినా మింగుత."

"ఒక్క పూట గూడ ఇడవొద్దన్నది సిస్టరమ్మ."

"సిస్టరమ్మ వచ్చి వల ఏస్తదా? రెండు నెల్ల సంది మింగుతున్న గద. జరంతన్న ఒంట్లె ఉండదా?"

సిద్దమ్మకు ఆ మాట నిజమే అనిపించింది. ఉప్పు పట్టించిన చేపను నాలుగు నీళ్ళలో కడిగినా ఉప్పు పోదు. రెండు నెలలు పట్టిన మందు వారంలో ఎక్కడికి పోతుంది? తెల్ల గోలీల షీటు, గులాబీ గోలీల షీటు డబ్బాలోంచి తీసి దేవుని పటం వెనక పెట్టింది. మిగతా గోలీలు వేళకు ఇచ్చింది.

మూడో రోజుకు నెత్తురు ఆగింది. సాయన్న అద్దం ముందు నిలబడి పళ్ళు చూసుకున్నాడు.

"చూడు, పెండ్లినాటి లెక్కనే ఉన్నయ్."

"పెండ్లినాడు గూడ గుట్క పండ్లే నీయి," అంది సిద్దమ్మ.

తర్వాత రెండు రోజులు అతను తుంగలో వల వేశాడు. కొర్రమట్ట పడింది. సిద్దమ్మ అమ్మింది. వల మీద మరక లేదు. జూన్ ఏడున, మిరుగానికి ఒక రోజు ముందు, పడిపోయాడు.

గట్టు మీదికి తెచ్చాక జనం నీళ్ళు మింగాడనుకున్నారు. ఒకరు కడుపు ఒత్తారు. ఒకరు గ్యాసు అన్నారు, సోడా తెమ్మన్నారు. సాయన్నకు తెలివి ఉంది, మాట రావడం లేదు, చెమటలు పోస్తున్నాయి. అరచేయి ఎదురు రొమ్ము మీద పెట్టుకున్నాడు.

"గుండె, గుండె," అని సిద్దమ్మ అరిచింది. "కడుపు ఇడువుర్రి. ఆటో వట్టుకరార్రి."

బాలరాజ్ ఆటో తెచ్చాడు. సర్కారు దవాఖానలో ఈసీజీ తీసిన డాక్టరమ్మ కాగితాన్ని రెండుసార్లు చూసి, స్టెంటు వేసిన తేదీ అడిగి, 108కి ఫోన్ చేసింది. నాలుక కింద గోలీ పెట్టబోయి బీపీ చూసి ఆగిపోయింది. బీపీ అరవై ఉంది, ఆ గోలీ దాన్ని ఇంకా దించుతుంది. అంబులెన్సు సాగర్ రోడ్డు ఎక్కేసరికి ఎండ వచ్చింది. తుర్కయాంజాల్ దాకా ఆగకుండా పోయింది. బీఎన్‌రెడ్డి నగర్ దగ్గర ఆఫీసులకు పోయే బండ్లు మొదలయ్యాయి. హస్తినాపురం దాటడానికి పట్టిన సమయంలో అంబులెన్సులోని అబ్బాయి సాయన్న చేతికి రెండో సెలైన్ పెట్టాడు. సిద్దమ్మ అతని పాదాలు రుద్దుతూ కూర్చుంది. పాదాలు చల్లగా ఉన్నాయి. నీళ్ళలో నిలబడిన మనిషి గదా అనుకుంది.

పెద్ద దవాఖానకు చేరేసరికి ఎనిమిదిన్నర అయింది. ఐలేష్ బస్సును ఇంకో డ్రైవరుకు అప్పగించి బండి మీద ముందే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. లోపల డాక్టరు పాత కాగితాలు చూస్తూ అడిగాడు.

"గోలీలు వేసుకుంటున్నాడా?"

"రెండు ఏస్తలేడు సారూ. ఐదు దినాల సంది."

"ఏ రెండు?"

"తెల్లది, గులాబీది."

డాక్టరు తల ఎత్తాడు. "ఎవరు ఆపమన్నారు?"

"ఎవ్వలు అనలే. నేనే ఆపిన. నోట్లకెళ్ళి నెత్తురొస్తుంటె వల ఏయనిస్తలేరు."

ఐలేష్ పక్కనే ఉన్నాడు. తల్లి వైపు చూశాడు. డాక్టరు రాసుకున్నాడు. కోప్పడలేదు. స్టెంటులో గడ్డ కట్టి మూసుకుపోయిందనీ, మళ్ళీ తీగ పంపి తెరవాలనీ చెప్పాడు.

"మామూలుగా చేసేటప్పుడు నూటికి ఒకరో ఇద్దరో పోతారమ్మా. బీపీ ఇట్లా పడిపోయి వచ్చినవాళ్ళలో సగం మంది పోతారు. మీ ఆయన రెండో లెక్కలో ఉన్నాడు. ఆలస్యం కూడా అయింది."

"సగం మంది బతుకుతరు గద సారూ?"

"బతుకుతారు."

ఆమె వేలిముద్ర వేసింది.

క్యాథ్‌ల్యాబ్ ఒక్కటే ఉంది. మంచాల అనే ఊరి నుంచి వచ్చిన ఇంకొకతను బల్ల మీద ఉన్నాడు. అతనిది మధ్యలో ఆపేది కాదు. సాయన్నను తలుపు బయట స్ట్రెచరు మీద ఉంచారు. ఆ కాసేపట్లో అతను ఒకసారి కళ్ళు తెరిచి, "వల?" అన్నాడు.

"బాలరాజ్ తీసిండు. మంచిగనే ఉన్నది," అంది సిద్దమ్మ.

అదే అతను మాట్లాడిన చివరి మాట. లోపలికి తీసుకుపోయాక ఊపిరి అందకపోతే గొంతులో గొట్టం వేశారు. మణికట్టులో నాడి దొరకలేదు, తొడ గజ్జ దగ్గర నుంచి తీగ పంపారు.

గంటన్నర తర్వాత డాక్టరు బయటికి వచ్చాడు. టోపీ తడిసి ఉంది.

"గడ్డ తీశాం. నాళం తెరుచుకుంది."

సిద్దమ్మ చేతులు జోడించింది. "మరి మంచిగున్నట్టేనా సారూ?"

"లేదమ్మా. నాళం తెరుచుకున్నా గుండె కండలోకి రక్తం పోవడం లేదు. పొద్దటి నుంచి రక్తం అందక ఆ కండ చాలావరకు చచ్చిపోయింది. గుండెకు సాయంగా మిషను పెట్టాం. చూడాలి."

ఐలేష్ అప్పుడు మాట్లాడాడు. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. చుట్టూ చాపలు పరుచుకుని ఇతర రోగుల మనుషులు అన్నాలు తింటున్నారు.

"నాకొక్క ఫోన్ చెయ్యకపోతివి అమ్మా."

"చేస్తే ఏమంటుంటివి?"

"ఒద్దంటుంటి."

"అందుకనే చెయ్యలే."

"వంతు పోతే పోయె. ఏం తక్కువైంది మనకు? నేను సంపాయిస్తలేనా?"

"వంతుకు గాదురా. రెండు నెల్లాయె మీ బాపు గడపల కూసోవట్టి. ఎవ్వలు వోయినా అడుగుడే, నీళ్ళెంత దిగినయ్, తుంగల ఎవలు దిగిన్రు అని. నువ్వు పొద్దుగాల వోతవ్, మాపటికొస్తవ్. నువ్వేం జూస్తవ్?"

ఐలేష్ లేచి వెళ్ళాడు. కొంతసేపటికి టీ తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. ఆమె తాగలేదు. అతను కూడా పక్కన కూర్చుని తన టీ తాగలేదు.

మధ్యాహ్నం గజ్జ దగ్గర వాపు కనిపించింది. తీగ పంపిన చోట నాళం నుంచి రక్తం కడుపు వెనక్కి కారుతోందని స్కానులో తెలిసింది. గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఆపితే స్టెంటు మళ్ళీ మూసుకుపోవచ్చు. ఇస్తే రక్తం ఆగదు. ఒక ఇంజక్షను తగ్గించి, గజ్జ మీద బరువు కట్టి, రక్తం ఎక్కించాలని నిర్ణయించారు. ఐలేష్ ఇచ్చాడు. బాలరాజ్ ఊరి నుంచి వచ్చి ఇచ్చాడు.

"నా నెత్తురెక్కితే అన్న లేసి కల్లుకొట్టు కాడికి ఉరుకుతడు సూడు వదినె," అన్నాడు బాలరాజ్, మోచేతి దగ్గర దూది నొక్కుకుంటూ. తర్వాత గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

సాయంత్రం ఒక మనిషిని లోపలికి రానిచ్చారు. సిద్దమ్మ వెళ్ళింది. గొట్టం పళ్ళ మధ్య నుంచి వచ్చి చెంపకు టేపుతో అతికించి ఉంది. చిగుళ్ళ దగ్గర నెత్తురు ఉంది. మరియ గాజుగుడ్డతో తుడుస్తోంది. ఆమెకు సాయన్న గుర్తున్నాడు.

"చెప్పిన గద సిద్దమ్మా."

"చెప్పినవ్."

మరియ గుడ్డ ఆమెకు ఇచ్చి, తుడవడం ఎట్లాగో చూపించి, పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. పంపేదాకా సిద్దమ్మ తుడుస్తూనే ఉంది.

మరుసటి రోజు మిరుగం. మధ్యాహ్నం తర్వాత శివయ్య వచ్చాడు. అంగీ మీద పొలుసులు అంటుకుని ఉన్నాయి. మెట్ల మీద సిద్దమ్మకు ఒక మెట్టు కింద కూర్చున్నాడు.

"ఎట్లున్నడు?"

"మూత్రం బందయింది బావా. కిడ్నీలు పని చేస్తలేవంట."

శివయ్య చేతులు రుద్దుకున్నాడు. "మీ వంతు తీసి పెట్టినం."

"మంచిది."

"నేను వల గుంజుకొమ్మన్న. గోలీలు ఇడువుమనలే. నాకు ఎరుకనే లేదు."

"నువ్వు అనలే బావా."

"అన్న తీరుగనే ఉన్నది గద," అన్నాడు శివయ్య. అతను చీకటి పడే ముందు బస్సుకు వెళ్ళిపోయాడు.

కిడ్నీలు ఆగడానికి రెండు కారణాలు చెప్పారు. బీపీ లేకపోవడం ఒకటి, నాళాలు కనపడటానికి ఎక్కించిన మందు ఇంకొకటి. డయాలసిస్ చేయాలంటే బీపీ ఉండాలి. బీపీ కోసం మూడు మందులు నడుస్తున్నాయి, అయినా నిలవడం లేదు. తొమ్మిదో తేదీ పొద్దున డాక్టరు ఇద్దరినీ లోపలికి పిలిచాడు.

"ఇంకా పెంచడానికి మందు లేదమ్మా. మిషను మీద ఎన్ని గంటలుంటాడో చెప్పలేను."

"సగం మంది బతుకుతరంటిరి సారూ."

"అన్నాను."

"ఆయన ఆ సగంల లేడా?"

డాక్టరు ఐలేష్ వైపు చూశాడు. ఐలేష్ తల్లి భుజం పట్టుకున్నాడు. ఆమె చేయి తోసేసింది.

"ఇంటికాడ ఉన్నయ్ సారూ గోలీలు. పటం ఎనుక వెట్టిన. పిలగాన్ని తోలి తెప్పిస్త. గొట్టంలకెళ్ళి ఏయనీకి రాదా?"

"ఇక్కడ వేస్తున్నామమ్మా. వచ్చినప్పటి నుంచీ అవే వేస్తున్నాం."

ఆమె మంచం దగ్గరికి పోయి కూర్చోవచ్చా అని అడిగింది. అప్పుడు రానిచ్చే వేళ కాదు. డాక్టరు కూర్చోమన్నాడు. మరియ స్టూలు తెచ్చి వేసింది. సిద్దమ్మ సాయన్న ఎడమ చేయి పట్టుకుంది. వల తాడు ఒరుసుకుని మణికట్టు చుట్టూ కాయ కాసి ఉంటుంది. ఆ కాయ మీద వేలు పెట్టి కూర్చుంది.

ఒంటిగంట దాటాక తెర మీద గీత మారింది. మరియ ఆమెను లేపి తెర బయటికి పంపింది. ఐలేష్ అక్కడే ఉన్నాడు. లోపల ఒకరి తర్వాత ఒకరు రొమ్ము నొక్కారు. రెండుసార్లు కరెంటు షాకు ఇచ్చారు. ఒకసారి గుండె కొట్టుకుంది, ఆగింది.

ఈసీజీ తీశారు. కాగితం మీద గీత తిన్నగా వచ్చింది. డాక్టరు దాని మీద సాయన్న పేరు, తేదీ, టైము రాశాడు. జూన్ తొమ్మిది, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు.